వన్నె దిద్దడం



తెలుగులో రంగుకు మాటలు కరవు లేదు. రంగు ఉంది, వన్నె ఉంది, చాయ ఉంది. వన్నె వర్ణశబ్దానికి తద్భవం, చాయ ఛాయకు తద్భవం. నిఘంటువులు ఈ మూటినీ పక్కపక్కన కూర్చోబెట్టినా, వాడుకలో దేని పీట దానిదే. రంగును వేస్తారు, పూస్తారు. చాయ మనిషికి పుట్టుకతో వస్తుంది. వన్నె మాత్రం తేలుతుంది. కంసాలి బంగారాన్ని గీటురాయి మీద గీసి చూసేది వన్నెనే. పదహారువన్నె బంగారమంటే మేలిమి. అంటే ఈ ఒక్క మాటలో రంగూ ఉంది, ఆ రంగు ఏ మెట్టుదో తేల్చే తూకమూ ఉంది.

సినిమావారు 'కలర్ గ్రేడింగ్' అనే పనికి 'వన్నె దిద్దడం' అని పేరు పెట్టుకుందామని నా ప్రతిపాదన. దిద్దడమనే క్రియ మా ఉపాధ్యాయులకు మరీ దగ్గరిది. పిల్లలచేత అక్షరాలు దిద్దించాము, కట్టలు కట్టలుగా సమాధానపత్రాలు దిద్దాము. ఆడపిల్ల నుదుట బొట్టు దిద్దడమూ ఆ క్రియే. నేర్పడం, సరిచేయడం, అందగించడం అనే మూడర్థాలూ అందులో ఇమిడి ఉన్నాయి. ఈ పనిలోనూ ఆ మూడూ ఉన్నాయి.

మన సినిమాలకు చరిత్రలు చాలానే వచ్చాయి. నటుల చరిత్రలు, పాటల చరిత్రలు, నిర్మాణసంస్థల చరిత్రలు ఉన్నాయి. తెరమీది రంగును దిద్దినవారి చరిత్ర మాత్రం ఎక్కడో అడుగున పడిపోయింది. దాన్ని కొంతైనా పైకి తీద్దామని ఈ ప్రయత్నం. నేను చెప్పదలచినది ఒకటే. సినిమాలో రంగు వస్తువులో ఉండదు, కెమెరాలోనూ ఉండదు. ఏ దీపం ముందు, ఏ తెరమీద, ఎవరి కన్ను 'ఇది సరి' అని ఒప్పుకొందో అదే రంగు. దీపం మారినప్పుడల్లా మళ్ళీ దిద్దుకోవలసిందే. దిద్దేవారు ఏది సరి అనుకుంటారో అది చివరకు మనుషుల ముఖాల మీద తేలుతుంది.

*

విజయవాడ వన్ టౌన్ వాసులకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. వస్త్రలతలో చీర బేరమాడే ఇల్లాలిని గమనించండి. కొట్టులో ట్యూబులైటు కింద వంకాయరంగన్న చీరను ఆమె నమ్మదు. మడత విప్పి గుమ్మం దాకా తెచ్చి, పగటి వెలుతురులో పట్టి చూసి, అప్పుడు గాని ధర అడగదు. కొట్టులో కలిసిపోయిన చీరా రవికెగుడ్డా వీధిలోకి వచ్చేసరికి విడిపోవడం అందరూ ఎరిగినదే. రెండు గుడ్డలకు వేసిన అద్దకాలు వేరైనప్పుడు, ఒక దీపం కింద ఒకటిగా కనిపించినవి మరొక దీపం కింద వేరుగా కనిపిస్తాయి. శాస్త్రజ్ఞులు దీన్ని మెటామెరిజమ్ అంటారు. మన ఆడవాళ్ళు పేరు పెట్టకుండానే ఏనాటినుంచో దీనికి పరీక్ష పెడుతున్నారు.

ఇదే డెల్టాలో మరికొంత తూర్పుగా పోతే పెడన, మచిలీపట్నం. అక్కడి కలంకారీ అద్దకంలో ఒక విచిత్రముంది. ఎరుపు రావలసినచోట పనివాడు అద్దేది ఎరుపు కాదు, పటిక. కరక్కాయ నీళ్ళలో తడిపి ఆరబెట్టిన గుడ్డమీద పటిక అద్దితే ఎరుపన్నది కనిపించదు. కాలువ నీటిలో జాడించి, వెనుకటి రోజుల్లో చిరివేరుతోను తరువాత అలిజరిన్‌తోను ఉడికించినప్పుడు, పటిక పట్టిన మేర ఎరుపు తేలుతుంది. ఇనుపముక్కలు, బెల్లం పులియబెట్టిన నీళ్ళు నలుపునిస్తాయి. రంగుల ఫిల్ములో జరిగేదీ చాలావరకు ఇలాంటిదే. ఫిల్ము పొరలలో దాగి ఉన్న పదార్థాలకు మొదట రంగు ఉండదు. రసాయనంలో ముంచి కడిగినప్పుడు వెలుతురు తాకిన మేర రంగు పుడుతుంది. కనుక సినిమా ప్రయోగశాలలో జరిగే పని మన ప్రాంతపు చేతులకు ఎన్నడూ పరాయిది కాదు.

*

తెలుగు సినిమాకు ఆద్యుడైన రఘుపతి వెంకయ్య నాయుడు 1869లో మచిలీపట్నంలో పుట్టినవాడే. ఆయన సంస్థ నుంచి 'భీష్మ ప్రతిజ్ఞ' వెలువడిన 1921లోనే బెజవాడలో పోతిన శ్రీనివాసరావు మారుతీ సినిమాహాలు నెలకొల్పారు. ఆనాటివి మూకీలు. మూకీలంటే తెలుపు నలుపులే అనుకుంటాము గాని, ప్రపంచంలో ఆనాడు చాలా చిత్రాల ప్రింట్లను రంగునీళ్ళలో ముంచేవారు. రాత్రి దృశ్యమైతే నీలం, అగ్నిప్రమాదమైతే ఎరుపు, దీపాల వెలుతురైతే పసుపు కలిసిన నారింజ. పటమంతా ఒకే రంగు. పగటిపూట తీసిన దృశ్యాన్ని నీలంలో ముంచితే అదే రాత్రి అయ్యేది. వన్నె దిద్దడానికి ఇది ఓనమాలు.

అప్పటి తెలుపు నలుపు ఫిల్ముకు ఒక లోపముండేది. మొదటి తరపు ఫిల్ము నీలాన్ని, ఆకుపచ్చను చూడగలదు గాని ఎరుపును చూడలేదు. దానికి ఎరుపంటే చీకటే. ఎర్రని కుంకుమబొట్టు ఆ ఫిల్ముమీద నల్లచుక్క అవుతుంది. ఎరుపు కలిసిన గోధుమవన్నె చర్మం ఉన్నదానికంటె నల్లబడుతుంది. 1920ల చివరకు అన్ని రంగులనూ చూడగల పాంక్రొమాటిక్ ఫిల్ము వాడుకలోకి వచ్చింది. 1932లో 'భక్త ప్రహ్లాద'తో మన తెర మాట్లాడేనాటికి ఆ చిక్కు చాలావరకు తీరింది. అయినా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. యంత్రం మనిషి చాయను ఉన్నదున్నట్లు చూస్తుందన్నది ఆనాడే నిజం కాదు. అది ఏది చూడాలో, ఎంత చూడాలో దాన్ని తయారుచేసినవారే నిర్ణయించారు.

తెలుపు నలుపులతోనే రంగులు తలపించిన మహానుభావులు మనకున్నారు. 'మాయాబజార్' 1957లో వచ్చింది. కె.వి.రెడ్డి దర్శకుడు, మార్కస్ బార్ట్‌లీ ఛాయాగ్రాహకుడు. అందులోని పడవపాటలో వెన్నెలను చూడనివారు మనలో ఎవరున్నారు? అది బార్ట్‌లీ దీపాలతోను, నీడలతోను అల్లిన వెన్నెల. శ్రీకృష్ణుడు నీలమేఘశ్యాముడని మనకు పద్యాలు ముందే చెప్పి ఉంచాయి. తెరమీద ఉన్నది బూడిదవన్నె అయినా మన కన్ను అందులో నీలాన్ని నింపుకొంది. ఆ చిత్రాలలో రంగు సగం తెరమీద, సగం ప్రేక్షకుని చదువులో ఉండేది.

*

తెలుగులో మొట్టమొదటి పూర్తినిడివి రంగులచిత్రం 'లవకుశ'. చిత్తజల్లు పుల్లయ్య గారు ప్రారంభించగా, నడుమ డబ్బుకు చిక్కు వచ్చి ఆగి, ఆయన కుమారుడు సి.ఎస్.రావు పూర్తిచేయగా 1963 మార్చి 29న విడుదలయింది. వాడిన ఫిల్ము బెల్జియం దేశపు గేవాకలర్. అప్పటిదాకా పద్యంలో ఉన్న నీలమేఘశ్యాముడు తెరమీదికి దిగవలసివచ్చింది. ఎంత నీలం? ఎంత శ్యామం? నీలం ఒక చుక్క ఎక్కువైతే దేవుడు బొమ్మ అవుతాడు, తక్కువైతే పక్కింటి మనిషవుతాడు. ఈ తూకం మేకప్‌వానితో మొదలై, ఛాయాగ్రాహకునిమీదుగా, ప్రయోగశాలలో కూర్చున్న గ్రేడరు దగ్గర ముగుస్తుంది.

ఆ గ్రేడరు ఏమి చేసేవాడు? నెగెటివ్‌లో ఒక్కొక్క షాటుకు మూడు అంకెలు వేసేవాడు. ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత. ప్రింటు తీసే యంత్రంలో మూడు కాంతులకు మూడు కవాటాలు. ఒక్కొక్కటి యాభై మెట్లలో తెరుచుకొంటుంది. నడిమి అంకె 25. ఇందులో అంతా తలకిందుల లెక్క. నీలపు కాంతి పెంచితే ప్రింటులో పసుపు పెరుగుతుంది. ఎరుపు పెంచితే నీలాకుపచ్చ పెరుగుతుంది. అద్దంలో చూస్తూ అక్షరాలు రాయడం వంటి పని. పొద్దుటి వెలుతురులో తీసిన షాటు పక్కన మధ్యాహ్నం తీసిన షాటు పడితే, ప్రేక్షకునికి రెండూ ఒకే గడియలో జరిగినట్లు కనిపించాలి. మొదటి ప్రింటును ఛాయాగ్రాహకునితో కలిసి చూసి, రెండు మెట్లు ఇటు, ఒక మెట్టు అటు అని మార్చేవారు. మూడుగంటల చిత్రంలో వేయికి మించి షాట్లున్నా ఆశ్చర్యం లేదు. అంటే మూడువేలకు పైబడిన నిర్ణయాలు.

ఆ నిర్ణయాలు చేసిన మనిషి పేరు టైటిళ్ళలో వెదకండి. పాత చిత్రాలలో చాలావాటిలో ప్రయోగశాల పేరు ఉంటుంది, గ్రేడరు పేరు ఉండదు. జాతీయ పురస్కారాలలో సైతం ఛాయాగ్రాహకుని పురస్కారంతోపాటు ప్రయోగశాల పేరును చేర్చిన సంవత్సరాలున్నాయి గాని, అక్కడా గౌరవం సంస్థకే. ఏలూరు దాపున సోమవరప్పాడులో పుట్టిన ఎల్.వి.ప్రసాద్ గారు 1976లో మద్రాసులో ప్రయోగశాల స్థాపించిన తరువాత ఎన్ని తెలుగుచిత్రాల వన్నె అక్కడ తేలిందో! ఆ చీకటిగదుల్లో కూర్చున్నవారిలో మన కృష్ణా గోదావరి మండలాలవారు ఎందరు ఉన్నా వారి పేర్లు జనానికి అందలేదు.

ఉత్సవాలకు వెళ్ళిన చిత్రాలు ఈ అంకెలను మోసుకొనే వెళ్ళాయి. 1980 నాటి 'శంకరాభరణం' మరుసటి ఏడాది ఫ్రాన్సులోని బెజాన్‌సాన్ ఉత్సవంలో ప్రేక్షకుల బహుమతి పొందింది. దాని ఛాయాగ్రాహకుడు బాలు మహేంద్ర. గోదావరి ఒడ్డు వెలుతురుకు మద్రాసులో అంకెలు వేసి, ఆ ప్రింటును ఫ్రాన్సులోని దీపం ముందు నడపడమన్నమాట. అందుకే ఆ కాలంలోనే తెరమీది వెలుగుకు ప్రమాణం పెట్టుకొన్నారు. యంత్రంలో ఫిల్ము లేనప్పుడు తెరమీద 16 ఫుట్‌లాంబర్టుల వెలుతురు పడాలి. మన ఊళ్ళలో అది ఎంత పాటించారన్నది వేరేమాట. కార్బన్ కడ్డీల మధ్య మంట వెలిగించి సినిమా ఆడించిన రోజుల్లో, కడ్డీ ఆదా చేద్దామని కరెంటు తగ్గిస్తే తెరంతా పండుటాకు వన్నెకు తిరిగేది. గాంధీనగరం పంపిణీ ఆఫీసుల నుంచి బయలుదేరిన ఒకే ప్రింటు బెజవాడలో ఒకలాగ, కైకలూరు టూరింగ్ టాకీసులో మరొకలాగ కనిపించేది.

కాలం కూడా తన వంతు దిద్దుబాటు చేసింది. ఆనాటి రంగుల ప్రింట్లలో నీలాకుపచ్చ అద్దకం ముందుగా వెలిసిపోతుంది. అది పోయాక మిగిలేది గులాబీ ఎరుపు. నేను పదిపన్నెండేళ్ళ వయసులో 'లవకుశ' చూసినది ఊళ్ళన్నీ తిరిగివచ్చిన పాత ప్రింటులో. అందులో ఆకాశం గులాబి, అడవి గోధుమ. వాల్మీకి ఆశ్రమమంటే అలాగే ఉంటుందని చాలాకాలం అనుకున్నాను. వెలిసిపోయే ఈ గుణం మీద ప్రపంచవ్యాప్తంగా ఆందోళన వచ్చిన తరువాత, 1980లలో గాని నిలువ ఉండే ప్రింటు ఫిల్ము వాడుకలోకి రాలేదు.

*

ఇప్పుడు ముఖాల సంగతికి వద్దాం. రంగు సరిగా ఉందా లేదా అని ప్రయోగశాలలు దేన్ని చూసి తేల్చుకొనేవి? ప్రతి రీలు మొదట ప్రేక్షకుడు చూడని కొన్ని ఫ్రేములలో ఒక స్త్రీ ముఖం, పక్కన రంగుచదరాలు ఉండేవి. పడమటి ప్రయోగశాలల్లో ఆమెకు 'చైనా గర్ల్' అని ముద్దుపేరు. పేరులో చైనా ఉన్నా ఆమె దాదాపు ఎప్పుడూ తెల్లజాతి స్త్రీయే. నిలువుఫోటోల ముద్రణశాలలకు కొడాక్ పంపిన నమూనా కార్డులమీద ఉండే తెల్లని స్త్రీకి 'షర్లీ' అని పేరు. ఆ ముఖం బాగా వస్తే రంగు సరి అయినట్లే లెక్క. నల్లనివారి ముఖాలలో వివరం పోయినా, తెల్లవారి పక్కన నిలబడితే కళ్ళూ పళ్ళూ తప్ప ఏమీ కనబడకపోయినా అది యంత్రం తప్పుగా తోచలేదు.

కెనడా పరిశోధకురాలు లోర్నా రోత్ 2009లో ప్రచురించిన వ్యాసంలో ఒక సంగతి చెప్పారు. ముదురు గోధుమవన్నెలను సరిగా పట్టేలా కొడాక్ తన ఫిల్మును మార్చుకొనడానికి తోడ్పడినవాటిలో చాక్లెట్లవారి, కొయ్యసామానువారి ఫిర్యాదులున్నాయట. తమ సరకులోని రకరకాల గోధుమవన్నెలు ఫోటోలో ఒకటిగా వస్తున్నాయని వారి గోడు. మనుషుల గోడు వినిపించనిచోట బల్లల, కుర్చీల గోడు వినిపించింది! నవ్వాలో ఏడవాలో తెలియని చరిత్ర ఇది.

మన చిత్రాలు ఈ కొలబద్దతోనే నడిచాయి. పైగా తెలుపుమీద మనకున్న సొంత మోజు దానికి తోడయింది. కనుకనే 'దాసి' నాకు గొప్పగా తోస్తుంది. బి.నర్సింగరావు దర్శకత్వంలో 1988లో వచ్చిన ఆ తెలంగాణ చిత్రంలో అర్చన ముఖాన్ని తెల్లబరచలేదు. గడీ లోపలి మసకవెలుతురులో ఆ ముఖం తన చాయతోనే మాట్లాడుతుంది. ఉత్తమ నటి, ఛాయాగ్రహణానికి అపూర్వ కిశోర్ బీర్, కళాదర్శకత్వానికి చిత్రకారుడు వైకుంఠం — ఇలా ఆ ఏటి జాతీయ పురస్కారాలు ఎన్నో ఆ చిత్రానికి దక్కాయి. నల్లని ముఖాన్ని నల్లగానే ఉంచి, అందులోని ప్రతి కదలికనూ చూపవచ్చునని తెలుగుతెర అప్పుడే రుజువు చేసింది.

*

2000 సంవత్సరంలో ఈ పని స్వభావమే మారింది. కోయెన్ సోదరుల 'ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?' చిత్రాన్ని మిసిసిపీ రాష్ట్రంలో పచ్చని వేసవిలో తీశారు. కథకు కావలసినది మాత్రం ఎండిన నేల. రోజర్ డీకిన్స్ ఫిల్మునంతా కంప్యూటరులోకి ఎక్కించి, చెట్ల పచ్చదనాన్ని మాత్రమే పట్టి పసుపుగా మార్చి, మళ్ళీ ఫిల్ముకు ఎక్కించారు. అంతకుముందు మూడు అంకెలు పటమంతటికీ వర్తించేవి. ఇప్పుడు ఒక్క ఆకును, ఒక్క పెదవిని, ఒక్క చెంపను విడిగా దిద్దవచ్చు. మన వరిచేలను రెండు నిమిషాల్లో రాయలసీమ చేయవచ్చు. అధికారం పెరిగింది, దానితో బాధ్యతా పెరిగింది.

2010 జనవరిలో 'మాయాబజార్' రంగులలో విడుదలైనప్పుడు ఈ అధికారం మన ఇంటిదాకా వచ్చింది. హైదరాబాదులోని గోల్డ్‌స్టోన్ సంస్థ ఆ పని చేసింది. జనం ఆదరించారు. కొత్తతరం పిల్లలు హాలుకు వచ్చి ఘటోత్కచుని చూశారు, దానికి సంతోషించాలి. అయితే ఒక్కటి గమనించండి. అక్కడ వన్నె దిద్దినవారికి ఎదురుగా పోల్చుకొనడానికి అసలు రంగు లేదు. శశిరేఖ చీర ఏ రంగన్నది ఫిల్ము చెప్పదు. బార్ట్‌లీ నలుపుతెలుపుల్లో తూచి పెట్టిన వెన్నెలను రంగుల్లోకి అనువదించారు. పండితులకు తెలుసు, అనువాదం ఎంత బాగున్నా మూలానికి బదులు కాదు. మూలాన్ని పక్కనే ఉంచుకొని చదువుకోవలసిన మరో గ్రంథం అది.

హాళ్ళ దీపాలూ మారాయి. హాలీవుడ్ స్టూడియోలు 2002లో ఒక సంఘంగా ఏర్పడి, 2005లో డిజిటల్ ప్రదర్శనకు ప్రమాణాలు ప్రకటించాయి. తెరమీద తెలుపు వెలుతురు చదరపు మీటరుకు 48 క్యాండెలాలు. కంప్యూటరు తెరలు దీనికి నాలుగైదు రెట్లు వెలుగుతాయి, సెల్‌ఫోన్లు ఇంకా ఎక్కువ. దిద్దే గదిలోని మంచి మానిటరు సైతం 100 దగ్గర ఉంటుంది. చీకటిహాలులో కన్ను సర్దుకొంటుంది గనుక 48 చాలు. కాని చుట్టూ చీకటి ఉన్నప్పుడు కంటికి నలుపుతెలుపుల తేడా తగ్గినట్లు తోస్తుంది. ఆ తేడాను పూరించడానికి హాలు ప్రమాణంలో నీడలను మరికొంత లోతుగా ఉంచారు. ఇంటితెరమీద దిద్దిన చిత్రాన్ని ఈ ప్రమాణానికి సరిగా మార్చకుండా ఉత్సవానికి పంపితే ముందుగా మునిగిపోయేవి నీడలు. నీడల్లో ఉన్న నల్లని ముఖాలు.

*

ఇది నేను పుస్తకాల్లో చదివింది మాత్రమే కాదు. నా పూర్వవిద్యార్థి ఒకడు పదకొండు నిమిషాల చిన్నచిత్రం తీశాడు. తెల్లవారకముందే కాళేశ్వరరావు మార్కెట్టుకు అరిటాకుల మోపు తెచ్చి అమ్ముకొనే ఒక పెద్దావిడ కథ. నటి కాదు, నిజంగా ఆకులమ్మే మనిషే. సెకనుకు 24 చొప్పున పదకొండు నిమిషాలంటే 15,840 బొమ్మలు. ఒక ఉత్సవంలో ప్రదర్శనకు ఎంపికయింది. వన్నె దిద్దించడానికి వాడు దాన్ని దూరపు నగరంలో ఒకచోట ఇచ్చాడు. తిరిగివచ్చిన చిత్రాన్ని మా ఇంటికి తెచ్చి చూపించాడు.

ఆవిడ ముఖం తెల్లబడింది. నీడలన్నీ నెమలికంఠం రంగుకు, ముఖాలు నారింజకు తిరిగాయి. ఇప్పటి చిత్రాలలో ఇదొక వాడుక. మనిషి చర్మం నారింజవైపు ఉంటుంది, రంగులచక్రంలో దానికి ఎదురుగా ఉండేది నెమలికంఠం. రెంటినీ ఎదురెదురుగా నిలిపితే ముఖం ముందుకు వస్తుంది. ఉపాయం మంచిదే. కాని అరిటాకు కథలో అరిటాకే నీలమైపోయింది! వాడు యంత్రం గురించి నన్ను అడగలేదు. అడిగినా నాకు తెలియదు. "మాస్టారూ, చామనచాయ అంటే అసలు ఏ రంగండీ?" అని అడిగాడు.

"చామన అంటే శ్యామశబ్దభవంరా అబ్బాయీ" అని చెప్పాను. "శ్యామమంటే నలుపు అనుకొని ఊరుకోకు. నలుపూ, నీలమూ, ఆకుపచ్చా అన్నిటికీ ఆ మాట వాడారు. పంటచేను సస్యశ్యామలం, మేఘం శ్యామం, కృష్ణుడు శ్యాముడు. నీరు పట్టినది, జీవమున్నది, లోపల నిగనిగ ఉన్నది అని ఆ మాటకు ధ్వని. అది తెలుపులో లోటు కాదు, తనంతట తానొక వన్నె" అన్నాను.

వాడు ఆ మాట పట్టుకొని పోయి, మన ఊళ్ళోనే ఈ పని నేర్చిన ఒక కుర్రవాని పక్కన కూర్చుని మళ్ళీ దిద్దించాడు. నేనూ రెండు పూటలు వెళ్ళి చూశాను. గోడలకు బూడిదరంగు. కంటిని పక్కదోవ పట్టించే రంగు గదిలో ఏదీ ఉండకూడదట. తెరపక్కన ఒక గుండ్రని కొలతపటం ఉంది. అందులో ఒక వాలుగీత. తెల్లవారిదైనా నల్లవారిదైనా మనిషి చర్మపు రంగు దాదాపు ఆ గీతవెంటే పడుతుందని ఆ అబ్బాయి చూపించాడు. అందరి ఒంట్లోనూ ఉన్న నెత్తురూ, చర్మంలోని నల్లపదార్థమూ ఒకటే కనుక రంగు దిక్కు మారదు, వెలుతురు మోతాదే మారుతుంది. వేదాంతం చెప్పే మాటను యంత్రం గీతగీసి చూపిస్తుంటే ముచ్చట వేసింది.

వారు చేసిన పని ఇది. ముఖం జోలికి పోలేదు. ఆవిడ వెనుకనున్న సున్నపు గోడనూ, కొట్లలోని తెల్లని దీపాలనూ తగ్గించారు. పక్కన మిరుమిట్లు తగ్గేసరికి కన్ను ముఖంలోకి పోయింది. చెంప ఎముకమీది తడిమెరుపునూ, కళ్ళలోని దీపపుచుక్కనూ నిలిపారు. ఆకులను వాటి పచ్చదనానికి తెచ్చారు. ఒక్కచోట మాత్రం చేతులెత్తేశారు. పాత సోడియం దీపం కింద తీసిన షాటులో ఆకు పచ్చగా రాలేదు. ఆ దీపపు పసుపు కాంతిలో పచ్చదనం తగినంత లేదు. దీపంలో లేని రంగును దిద్ది తేలేము. ఆ షాటును పసుపుగానే వదిలారు. అదీ నిజాయితీయే.

నగరంలో ఒక హాలువారు దయతలచి ఉదయపు ఆటకు ముందు పావుగంట ఇచ్చారు. డిజిటల్ ప్రదర్శనకు కావలసిన పొట్లం కట్టే ఉచిత సాఫ్టువేరు ఇప్పుడు దొరుకుతుంది కనుక ఆ ఖర్చు తప్పింది. పెద్దతెర మీద మెట్లకింది షాటు ఒకటి మునిగింది, దాన్ని రాసుకొన్నారు. ఆకులమ్మే ఆవిడనూ పిలిచారు. ఆవిడ తన ముఖం గురించి ఏమీ అనలేదు. "ఆకు నిన్నటిదిలా ఉంది బాబూ. పొద్దుటాకు మీద తడి తళతళలాడుతుంది గదా" అంది. గదిలో ఉన్నవారెవరికీ తట్టని మాట. ఆ రాత్రి ఆకులమీది మెరుపును ఒక మెట్టు పెంచారు. గుమ్మంలో చీర పట్టి చూసే కన్ను, అద్దకపువాని కన్ను, ఈవిడ కన్ను ఒక్క బడిలో చదువుకొన్నవే.

ఉత్సవంలో చిత్రం ఆడింది. బహుమతి రాలేదు. ముఖం మాత్రం మునగలేదని వాడు ఫోనులో చెప్పాడు. నాకు అది చాలు. చివరి టైటిళ్ళలో 'వన్నె దిద్దినవారు' అని రెండు పేర్లు వేశాడు. రెండవది ఆవిడది.

*

చిన్నచిత్రాలు తీసే పిల్లలు మన ఊళ్ళలో ఇప్పుడు ఎందరో ఉన్నారు. వారికి ఈ పాతకాలపు పంతులు విన్నపాలు మూడు. వన్నె దిద్దినవారి పేరు తప్పక వేయండి. వెనుకటివారి పేర్లు పోయాయి, ఇకమీదనైనా పోగూడదు. చిత్రంతోపాటు ఒక కాగితం దాచండి. ఏ తెరమీద, ఎంత వెలుతురుకు దిద్దారో, ఏ ముఖాన్ని ఏ చాయలో ఉంచాలనుకొన్నారో నాలుగు వాక్యాలు చాలు. రేపు దీపం మళ్ళీ మారుతుంది. అప్పుడు దిద్దేవానికి ఆ నాలుగు వాక్యాలే మూలగ్రంథం. మూడవది, ఇంటితెరమీద బాగుందని తృప్తిపడక, పావుగంట అడుక్కొని అయినా హాలులో ఒకమారు చూసుకోండి.

'కలర్ గ్రేడింగ్'కు 'వన్నె దిద్దడం' అన్నాను. దిద్దేవారిని 'వన్నెకాడు' అందామంటే ఆ మాటకు సొగసుకాడనే అర్థం ఇప్పటికే ఉంది. 'వన్నెదిద్దరి' అనవచ్చునేమో, చెవికి కొంచెం కటువుగా ఉంది. మిత్రులకు ఇంతకన్న మంచి మాట తోస్తే తెలియజేయగలరు.